మూడోనాటి పిండి

ఆ ఏడాది వేసవంతా మా ఇంట్లో పిండి గొడవే. పెళ్ళి మా తమ్ముడిది, పరీక్ష కొత్తకోడలిది, మధ్యలో నలిగిపోయింది మాత్రం నేను.

కొండల కింద మా ఊరు కరకోల్. అక్కడి చిన్న బజార్లో ఆష్లాన్‌ఫూ అమ్మే వరసలో మాదొక కొట్టు. పుల్లటి చల్లటి చారు, అందులో చేత్తో సాగదీసిన నూడుల్స్, జున్నులా పేరుకున్న గంజి తురుము, పైన వెల్లుల్లీ ఎర్రకారమూ. ఎండన పడి వచ్చినవాడి చేతిలో ఒక గిన్నె పెడితే ప్రాణం లేచొస్తుంది. చారు అమ్మది, గంజి నాన్నది, నూడుల్స్ నావి. కాపురం చెడి పుట్టింటికి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఆ పిండిబల్ల దగ్గర నిలబడేది నేనే. అక్కడున్నంతసేపూ నన్నెవరూ ఏమీ అడగరు. పిండి లాగుతున్న మనిషిని పలకరిస్తే పోగు తెగుతుందని మా వరసలో అందరికీ భయం. నాకది భలే సుఖంగా ఉండేది.

చెర్రీలు పండుతున్న రోజుల్లో ఒక సాయంత్రం మా తమ్ముడు ఇస్మార్ అన్నం దగ్గర కూర్చుని, తల గిన్నెలో పెట్టి, "అమ్మా, నేను మహినూర్‌ని చేసుకుంటా," అన్నాడు.

"ఏ మహినూర్‌రా?"

"లగ్మన్ హోటలు వాళ్ళమ్మాయి."

అమ్మ చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది. "ఉయ్గుర్ల పిల్లా!"

ఉయ్గుర్లు మా దుంగన్లలాగే ఎప్పుడో కొండలు దాటి వచ్చిన మరో జాతి. వాళ్ళంటే అమ్మకి పగేమీ లేదు. పండక్కి వాళ్ళింటి రొట్టె మా ఇంటికొస్తుంది, మా ఇంటి పిండివంట వాళ్ళింటికెళ్తుంది. తగువల్లా లగ్మన్ దగ్గరే. చేత్తో సాగదీసే ఆ నూడుల్స్ మా దుంగన్లవని మేమంటాం, కాదు మావేనని వాళ్ళంటారు. మా కొట్టుకెదురుగా కుక్సీ అనే చల్లటి నూడుల్స్ అమ్మే కొరియా మామ్మ మాత్రం, "ఇద్దరూ కోతలు కోసేవాళ్ళే, పొండి," అని నవ్వేది.

"పిల్ల మంచిదే కావచ్చు," అంది అమ్మ. "దానికి కత్తి పట్టడం వచ్చా?"

ఇస్మార్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

కత్తి సంగతి చెప్పాలి. మా వాళ్ళలో పెళ్ళైన మూడోనాడు కొత్తకోడలు అందరి ముందూ పిండి కలిపి, పల్చగా వత్తి, మడతలు పెట్టి, కత్తితో సన్నగా కోసి, ఆ నూడుల్స్ వండి అందరికీ వడ్డించాలి. చుట్టాలు చుట్టూ మూగి వంకలు పెడుతుంటారు. ఒకరు మొండి కత్తి ఇస్తారు, ఇంకొకరు వత్తే కర్ర దాచేస్తారు, "ఇవి నూడుల్సా అమ్మాయ్, తాళ్ళా? మా గుర్రాన్ని కట్టేసుకోనా?" అని మరొకరు మేలమాడతారు. అంతా నవ్వులాటే. కాకపోతే ఆ నవ్వులాటని ఎవరూ మర్చిపోరు. అమ్మ తన మూడోనాడు కోసిన పోగులు కాస్త లావుగా వచ్చాయట. నాన్న వాళ్ళక్క హలిమే అత్త ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది, అదీ అమ్మ ఏదైనా పనికి నడుం బిగించిన రోజు చూసి మరీ ఎత్తుతుంది.

ఉయ్గుర్ల ఇళ్ళలో సాగదీయడమే తప్ప ఇలా కత్తి పట్టించి పరీక్ష పెట్టడం లేదు. వాళ్ళ పిండి వేరు, మా మూడోనాటి పిండి వేరు. సాగదీసే పిండి మెత్తగా, ఉప్పునీళ్ళు తాగి, నూనె రాసుకుని, చెప్పినట్టల్లా వినే పిండి. కోసే పిండి గట్టిది, మొండిది, మణికట్లు విరగ్గొట్టే పిండి. రెండూ పిండే కదా అనుకుంటే అంతే సంగతులు.

*

నిశ్చితార్థానికి హలిమే అత్త తోక్మోక్ నుంచి దిగింది. దిగీ దిగగానే చేతులైనా కడుక్కోకుండా అమ్మ దగ్గర మొదలెట్టింది.

"పిల్ల లగ్మన్ ఇంటిది కదే హవా. వచ్చిన మర్నాడే మీ కొట్లో బల్ల దగ్గర నిలబడుతుంది. మరి ఇదెక్కడ నిలబడుతుంది? ఒక కొట్లో రెండు బల్లలు పడతాయా?"

'ఇది' అంటే నేను. అక్కడే కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాను.

"మా వీధిలో దావుర్ అని ఉన్నాడు. బంగారంలాంటి మనిషి. పెళ్ళాం పోయి ఏడాది దాటింది. పిల్లలు చేతికొచ్చారు. బస్టాండు దగ్గర క్యాంటీను. పిండి లాగడానికో చెయ్యి కావాలని చూస్తున్నాడు."

చెయ్యి కావాలట. ఆ చేతికి వెనకాల మనిషి కూడా వస్తుందని అతనికి తెలుసో తెలీదో. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పంటి బిగువున ఆపుకుని ఇంకో వెల్లుల్లి పాయ తీసుకున్నాను.

అమ్మ వెంటనే కాదనలేదు. నాకు అదే కలుక్కుమంది. "చూద్దాం వదినా," అంది.

"చూద్దాం అంటే ఎప్పుడు చూస్తావ్? మంచి సంబంధం మన కోసం కూర్చోదు."

"మూడోనాడు చెప్తా. నువ్వు ఊరెళ్ళేటప్పుడు నా మాట పట్టుకెళ్దువుగాని."

అంతే, నా సంగతి అక్కడితో తేల్చేశారు. పంతొమ్మిదేళ్ళప్పుడు నా మొదటి పెళ్ళి కూడా సరిగ్గా ఇలాగే కుదిరింది. ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను పక్కన కూర్చుని ఏదో ఒలుస్తున్నాను.

ఆ రోజు పడుకోబోయే ముందు అమ్మ నా పక్క దగ్గరకొచ్చి కూర్చుంది. సంబంధం గురించి ఏమైనా అంటుందేమోనని నేను లేచి కూర్చున్నాను. అమ్మ మాత్రం, "ఆ పిల్లకి కత్తి నేర్పవే. మూడోనాడు మీ అత్త ముందు నా పరువు పోకూడదు," అంది.

"నేర్పాక నన్ను పంపించేస్తావా?"

అడిగేశాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. అమ్మ దుప్పటి అంచు సర్దింది, లేచింది, "నిద్రపో," అని వెళ్ళిపోయింది.

*

మధ్యాహ్నం గంజి అయిపోయాక మా వరసంతా కునికిపాట్లు పడుతుంది. ఆ వేళకి మహినూర్ మా కొట్టు వెనక గదిలోకి వచ్చేది. మనిషి పొడుగు, చేతులు ఇంకా పొడుగు. నోరు ఒక్క క్షణం ఊరుకోదు.

"వదినా, ఈ పిండి నా మీద పగబట్టింది. చూడు, వేలు పెడితే వెనక్కి తోస్తోంది."

"నీళ్ళు తక్కువ పోశాంగా, అలాగే తోస్తుంది. నువ్వూ తొయ్యి. బతిమాలకు, బరువంతా వెయ్యి."

"మా అమ్మ పిండిని చంటిపిల్లలా చూడమంటుంది."

"ఇది చంటిపిల్ల కాదమ్మా, అప్పులవాడనుకో. వదలకు."

పగలబడి నవ్వేది. మొదటి రోజు కోసిన పోగులు చూసి నేను నోరు మూసుకున్నాను. వాటితో నిజంగానే గుర్రాన్ని కట్టేయొచ్చు. రేకు వత్తేటప్పుడు అంచులు పల్చబడి నడుమ లావుగా ఉండిపోయేది. మడతకీ మడతకీ మధ్య పొడిపిండి చల్లడం మర్చిపోయేది, కోశాక అవన్నీ అట్టలా అంటుకుపోయేవి. నేను తిట్టేదాన్ని, ఆ పిల్ల నవ్వేది, మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళం.

ఒక రోజు నేను వేలు కోసుకుని గుడ్డ చుట్టుకుంటుంటే, బల్ల మీద మిగిలున్న మా లగ్మన్ పిండి తీసుకుంది. "ఊరికే, చేతులు దురదపెడుతున్నాయి వదినా," అంటూ దాన్ని తాడులా పొడుగ్గా చేసి, రెండు చేతులకీ చుట్టుకుని బల్ల మీద ఫెడీమని కొట్టింది. సాగదీసి, మళ్ళీ చుట్టి, మళ్ళీ కొట్టింది. నేను కట్టు ముడి వేసుకునే లోపల దాని చేతుల మధ్య పోగులన్నీ ఒకే సన్నదనంతో ఊగుతున్నాయి. ఒక్కటి తెగలేదు.

ఇన్నేళ్ళ నా పని ఏమిటో నాకు తెలుసు. అది బాగానే ఉంటుంది. ఈ పిల్ల పని నా పని కంటే బావుంది. అసూయ కలిగింది, ఉన్నమాట చెబుతున్నాను. దాంతోపాటే భయమూ వేసింది. అత్త మాట తప్పు కాదన్నమాట, ఇక ఆ బల్ల దగ్గర నాకు పనుండదు.

మహినూర్ నా మొహం చూసి పోగుల్ని గబగబా ముద్ద చేసేసింది. "వదినా, ఇస్మార్ చెప్పాడు. తోక్మోక్ సంగతి."

"వాడికి నోట్లో నువ్వుగింజ నానదు."

"నేనొస్తే నువ్వు వెళ్ళిపోవాలా? అదేం లెక్క? నాకు ఈ ఇంట్లో ఇప్పటిదాకా తెలిసిన మనిషి నువ్వొక్కదానివే. నువ్వు పోతే నన్నెవరు తిడతారు?"

"మా అమ్మ ఉందిగా. ఆ లోటేమీ రానివ్వదు."

ఆ పిల్ల నవ్వలేదు. కత్తి తీసుకుంది. ఆ రోజు కోసిన మడత విప్పి పైకెత్తితే మొదటిసారి పోగులు విడివిడిగా జారాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

*

ఆప్రికాట్లు రాలే వేళకి పెళ్ళైంది. ఇస్మార్ కొత్త కోటులో బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. వాళ్ళ హోటలు నుంచి లగ్మన్ రకాలన్నీ వచ్చాయి. చారుతో ఒకటి, వేయించింది ఒకటి, సన్నగా ముక్కలు చేసింది ఒకటి. మా వైపు మగవాళ్ళు రెండేసి పళ్ళేలు లాగించి, "ఫర్వాలేదు, మా దగ్గర బాగానే నేర్చుకున్నారు," అన్నారు. మహినూర్ మేనమామ దానికి తగ్గ సమాధానమే ఇచ్చాడు. పెళ్ళి సరదాగా గడిచిపోయింది.

రెండోనాటి సాయంత్రం ఆడవాళ్ళమంతా కూర్చుని మర్నాటి పనులు పంచుకుంటున్నాం. పెద్ద గిన్నె ఎవరు తోమాలి, మాంసం ఎవరు తరగాలి, కోడలి పక్కన నిలబడి నీళ్ళు ఎవరు అందించాలి. నీళ్ళు అందించేది ఆడపడుచే. నేను సహజంగా, "నీళ్ళు నేనందిస్తా," అన్నాను.

హలిమే అత్త మెల్లిగా అంది. తిట్టినట్టు కూడా అనలేదు, మంచి చెప్పినట్టే చెప్పింది. "నువ్వొద్దులేవే జుహ్రా. కాపురం నిలవని చెయ్యి కొత్తకోడలి పిండి దగ్గర ఎందుకు? రేపు నువ్వు కొట్టు చూసుకో. సంతరోజు కూడాను, మూస్తే బేరం పోతుంది."

మహినూర్ ఏదో అనబోతే పక్కావిడ తొడ గిల్లింది. కొత్తకోడలు అప్పుడే నోరు విప్పకూడదు కదా. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ చెంచాలు లెక్కపెడుతోంది. లెక్కపెట్టినవే మళ్ళీ లెక్కపెట్టింది.

"సరే," అన్నాను. "కొట్టు చూసుకుంటా."

ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో చెప్పలేను. మొగుడు వదిలేసినప్పుడు కూడా నేను అంత చిన్నబోలేదు. వాడు పరాయివాడు. ఇక్కడ చెంచాలు లెక్కపెడుతున్నది నా తల్లి.

*

సంతరోజు మా వరస కిటకిటలాడుతుంది. కొండల మీంచి దిగిన గొర్రెల కాపర్లు, సరస్సుకి స్నానాలకి పోతూ ఆగేవాళ్ళు, లారీ డ్రైవర్లు. పిండి లాగుతున్నాను, ఉడికిస్తున్నాను, చల్లార్చుతున్నాను. పక్క కొట్టు రోజా మధ్యమధ్య వచ్చి గిన్నెలు కడిగిపెడుతోంది. "ఏమే, ఇంట్లో పండగ పెట్టుకుని నువ్విక్కడేంటి?" అని అడిగింది. "పండగ వాళ్ళది, బేరం నాది," అన్నాను. నవ్వించడానికే అన్నాను కానీ రోజా నవ్వలేదు.

మధ్యాహ్నానికి కాస్త ముందు తలెత్తి చూస్తే వరసలో ఒక లారీ డ్రైవరు వెనకాల అమ్మ నిలబడి ఉంది. పెళ్ళినాటి ఆకుపచ్చ పట్టుగౌను, చెవులకి జుంకాలు, తలకి కొత్త రుమాలు, చేతిలో ఖాళీ జాడీ. ఆ వేషంలో మా అమ్మ కారం గిన్నెల మధ్య నిలబడితే బజారంతా చూస్తోంది.

"అమ్మా! వరసలో నిలబడ్డావేంటి?"

"వెనిగర్ అయిపోయింది. పట్టుకెళ్దామని వచ్చా," అని అందరికీ వినబడేలా అంది. తర్వాత బల్ల మీదకి వంగి గొంతు తగ్గించింది. "మెత్తగా కలిపేసిందే."

"ఏంటి?"

"పిండి! మెత్తగా కలిపేసింది. నూనె కూడా రాసేసింది. అందరూ మీద పడి చూస్తుంటే కంగారుపడింది పాపం. చేతులు వాటి అలవాటున అవి పోయాయి. లగ్మన్ పిండి చేసి కూర్చుంది."

ఆ పిండిని వత్తితే కర్రకి చుట్టుకుంటుంది, కత్తి పెడితే కత్తికి అంటుకుంటుంది. దాన్ని ఎవరూ కొయ్యలేరు.

"ఎవరైనా కనిపెట్టారా?"

"పిండి నానాలని చెప్పి గుడ్డ కప్పేశా. చుట్టాలకి టీలు పోయించా. మీ నాన్న వాళ్ళకి గంజి ఎలా పేరుతుందో చెబుతున్నాడు."

"నాన్నా? ఆయన రోజు మొత్తానికి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప."

"అందుకే తొందరగా కానిమ్మంటున్నా. ఆ నాలుగూ అయిపోతాయి. గట్టి పిండి కలిపి ఇయ్యి."

నా చేతులు ఆగిపోయాయి. "నేనా? నా చెయ్యి పడకూడదన్నారుగా?"

అమ్మ నా వైపు చూడలేదు. జాడీ కింద పెట్టింది, పట్టుగౌను చేతులు మోచేతుల దాకా పైకి లాక్కుంది, బల్ల పక్కనుంచి లోపలికొచ్చేసింది. "గిన్నెలు నేనందిస్తా. నువ్వు వెనక్కెళ్ళి కలుపు. ఎవరయ్యా ముందు? కారం ఎక్కువా, తక్కువా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నిన్న చెంచాలు లెక్కపెట్టిన మనిషి ఇవాళ నా చెయ్యి కావాలని వచ్చింది, అదీ దొంగచాటుగా. కలపనని చెబితే ఏం చేస్తుంది? ఒక్క క్షణం ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ గుడ్డ కప్పిన గిన్నె ముందు తలొంచుకుని కూర్చున్న మహినూర్ కళ్ళముందు కనబడింది. ఇప్పుడు గుడ్డ తీస్తే ఆ పిల్ల బతుకంతా ఆ మాట మోయాలి. అత్త ఉన్నన్నాళ్ళూ మోయాలి. వెనక గదిలోకి వెళ్ళి పిండి పోసుకున్నాను, గుడ్లు కొట్టాను.

ఆ కోపమంతా పిండి మీదే తీర్చుకున్నాను. కోసే పిండికి కోపం మంచిదే. గట్టిగా పట్టుకుని, బరువంతా వేసి తోస్తూ, మడుస్తూ, మళ్ళీ తోస్తూ, నా భుజాలు లాగేశాయి. ముందు గదిలోంచి అమ్మ గొంతు వినబడుతూనే ఉంది. "ఇదిగో బాబూ, ఇంకాస్త గంజి వెయ్యనా? పెళ్ళిబట్టలా? అవును, మా ఇంట్లోనే పెళ్ళి. కొత్తకోడలు బంగారం." పిండి నునుపు తేలేసరికి వచ్చి తొంగిచూసింది. పట్టుగౌను మీద ఎర్రటి కారపు మరకలు గుండెల నుంచి మోకాళ్ళ దాకా ఉన్నాయి.

"అయ్యిందా?"

"అయ్యింది. ఎవరు కలిపారంటే ఏం చెబుతావ్?"

అమ్మ పిండిముద్దని వేలితో నొక్కింది. వేలి గుంట వెంటనే పైకొచ్చేసింది. "మహినూర్ కలిపిందంటా," అంది.

"సరే," అన్నాను. ఆ వేసవిలో నేను అన్నన్ని 'సరే'లు ఎవరూ అని ఉండరు.

కొట్టు రోజాకి అప్పగించి ఇద్దరం ఇంటికి నడిచాం. నా చంకలో పిండి గిన్నె, దాని మీద గుడ్డ, గుడ్డ మీద వెనిగర్ జాడీ. పెరటి గుమ్మం దగ్గర అమ్మ ఆగి నా నుదుటి మీది పిండి తన కొత్త రుమాలుతో తుడిచింది.

*

వంటింట్లో మహినూర్ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "పాడుచేశాను వదినా. అన్నీ నేర్పావు, అన్నీ మర్చిపోయాను."

"ఏం పాడవలేదు. నీ పిండి ఆ మూల పెట్టు. ఇది తీసుకెళ్ళు. మడతల మధ్య పొడిపిండి చల్లడం మర్చిపోయావంటే మాత్రం చంపేస్తా."

గిన్నె పట్టుకుని వాకిట్లోకి వెళ్ళింది. నేను వంటింటి కిటికీ పక్కన నిలబడి చూశాను. వాకిట్లో ఆప్రికాట్ చెట్టు కింద బల్ల, చుట్టూ చుట్టాలు. నాన్న మాటలు అయిపోయినట్టున్నాయి, చెమటలు తుడుచుకుంటున్నాడు. ఎవరో కర్ర దాచారు, ఇస్మార్ వెతికి తెచ్చాడు. ఎవరో మొండి కత్తి ఇచ్చారు, మహినూర్ దాన్ని గిన్నె అడుగు మీద నాలుగుసార్లు నూరి పదును పెట్టింది. ఆ పని నేను నేర్పలేదు, మగవాళ్ళు శభాష్ అన్నారు. రేకు బల్లంత వెడల్పు సాగింది. పొడిపిండి చల్లింది. మడతలు పెట్టింది. కత్తి టకటకలాడింది. నేను నా చేతులు కట్టుకుని నిలబడ్డానన్నమాటే గానీ వేళ్ళు ఆ కత్తితో పాటే కదులుతున్నాయి.

మడత పట్టుకుని పైకెత్తింది. పోగులన్నీ దులిపినట్టు విడిపోయాయి.

మాంసం చారులో ఉడికించి, పుల్లటి తాలింపు వేసి, మొదటి గిన్నె హలిమే అత్తకిచ్చారు. అత్త ఒక పోగు ఎత్తి వెలుతురులో చూసింది. సూదిలోకి ఎక్కించుకోవచ్చంది. తిన్నది. నమిలింది. వాకిలంతా ఆవిడ దవడల్నే చూస్తోంది.

"కొయ్యడం ఎవరైనా నేర్చుకుంటారు," అంది చివరికి. "పిండి కలపడంలో ఉంది అసలు సంగతి. ఎంత బిగువుందో చూడు! హవా, నీ మూడోనాడు నువ్వు కలిపిన పిండి నాకు గుర్తుంది, ఇందులో సగం లేదు. ఇది ఇల్లు నిలబెట్టే చెయ్యి."

అమ్మ టీకెటిల్ పట్టుకుని ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఆ పిండి జుహ్రా కలిపింది వదినా," అంది.

నాకు ఆ మాట సరిగ్గా వినబడిందా లేదా అనిపించింది. అత్త గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"చెడింది దాని కాపురం," అంది అమ్మ. "దాని చెయ్యి కాదు. నిన్ననే అనాల్సింది. అనలేకపోయాను."

అప్పుడు మహినూర్, ఇక కొత్తకోడలి మర్యాదలన్నీ వదిలేసి, "నేను కలిపిన పిండి లోపలుంది అత్తా! అలవాటుకొద్దీ లగ్మన్ పిండి కలిపేశాను," అంది. పరుగున వంటింట్లోకొచ్చి తన మెత్తటి పిండి ఎత్తుకెళ్ళి, బల్ల మీద ఫెడీమని కొట్టి సాగదీయడం మొదలుపెట్టింది. పోగులు దాని చేతుల మధ్య ఊగుతుంటే మా వైపు ముసలాయన ఒకాయన లేచి నిలబడ్డాడు. "ఒప్పుకుంటున్నా, లగ్మన్ వీళ్ళదే! ఈ ఒక్క పూటకి!" అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఆ పూట మా ఇంట్లో రెండు రకాలూ ఉడికాయి.

హలిమే అత్త మాత్రం నవ్వలేదు. గిన్నె అడుగు దాకా తిన్నది. చారు కూడా తాగేసింది. ఖాళీ గిన్నె పట్టుకుని లేచి వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. వెనకాలే అమ్మ, అమ్మ వెనకాల నాన్న.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత అమ్మ వైపు తిరిగింది. "బాగానే ఉందమ్మా. కానీ లగ్మన్ పిల్లా వచ్చింది, ఇదీ ఉంది. ఒక కొట్లో రెండు బల్లలెక్కడ పడతాయే?"

"గంజి గిన్నెలు గోడకి అరలు కొట్టి ఎక్కిస్తా," అన్నాడు నాన్న. "పడతాయి. చలికాలం కొట్టు మూసుకుని కూర్చోవడమెందుకు? ఇది కోసినవి వేడివేడిగా పెడితే జనం రారా?"

ఆ పూట ఆయన అంత మాట్లాడాక ఇంకా మాటలు మిగిలున్నాయంటే నాకు ఆశ్చర్యమేసింది.

"అయితే తోక్మోక్ వాళ్ళకి ఏం చెప్పమంటావ్?" అని అమ్మని అడిగింది అత్త. "మూడోనాడు చెప్తానన్నావుగా. ఇవాళే మూడోనాడు."

అమ్మ తన గౌను మీది కారం మరకల్ని ఒకసారి చూసుకుంది. "నన్నెందుకు అడుగుతావ్ వదినా? పెళ్ళి దానిది. అదిగో, ఎదురుగానే ఉంది. దాన్నే అడుగు."

అత్త నా వైపు తిరిగింది. అందరూ నా వైపే చూస్తున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు నాకప్పుడు. ఆ ఇంట్లో నీకేం కావాలే అని నన్నడగడం అదే మొదలు.

"వెళ్ళను అత్తా," అన్నాను. "నేనిక్కడే ఉంటాను."

అత్త ఖాళీ గిన్నె నా చేతిలో పెట్టింది. "అంత చిన్నగా చెబితే తోక్మోక్ దాకా ఏం వినబడుతుందే?" అంది.

మళ్ళీ చెప్పాను, ఈసారి గట్టిగా. వాకిట్లో తింటున్నవాళ్ళంతా తలలెత్తి చూశారు.